చేతులు ఖాళీ లేవప్పా

పోయిన వారం పొద్దున కొట్టు తెరిచి కూర్చున్నానో లేదో ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. దాని వెనకే మా ఊరి దసరా కమిటీ సెక్రెటరీ గొంతు.

"అన్నా, చెరువు కట్ట మీద కట్టేకి ఫ్లెక్సు కావల్ల. అక్క ఫోటో మధ్యలో పెట్టు, పేరు పెద్దగా వెయ్యి, కింద శ్రద్ధాంజలి అని రాయి. చేతులకంతా పిండి ఉండాది చూడు, అది నీట్‌గా తుడిచేసి కుడిచేతిలో బన్ని ఆకు పెట్టు. పక్కన మన కమిటీ అధ్యక్షరు నమస్కారం పెట్టే ఫోటో నీ దగ్గరే ఉండాది కదా, అది వెయ్యి. ఆయప్ప ఇచ్చిన బన్ని ఆయమ్మ తీసుకున్నేట్ల రావల్ల. జల్దీ అన్నా, దసరా హబ్బ వచ్చేసింది."

తుడిచేసి బన్ని పెట్టాలట! రెండుసార్లు విన్నాను. మూడోసారి వినబుద్ధి కాక ఫోను బోర్లించి పెట్టాను.

బళ్ళారి గాంధీనగర్‌లో నాదొక చిన్న కొట్టు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు. తుడవడమే నా బతుకుతెరువు. మొటిమలు తుడుస్తాను, నల్లటివాళ్ళను తెల్లగా చేస్తాను, చచ్చిపోయిన తాతను తీసుకొచ్చి మనవడి పెళ్ళి ఫోటోలో నిలబెడతాను. ఒకామె చేతుల మీద శనగపిండి తుడవడం నాకు రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పని చేయమన్నందుకు ఒళ్ళు మండింది. నన్నే అడిగినందుకు ఇంకా మండింది. ఆ చేతులకు ఆ పిండి ఎందుకుందో ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు ఒక్కరు లేరు.

ఆమె పేరు నేనిక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ ఆ పేరుతో పిలవని ఊరికి ఇప్పుడది ఫ్లెక్సు మీద మూరెడు అక్షరాలతో కావలసి వచ్చింది. వాళ్ళే రాసుకోనీ. మాకందరికీ ఆమె మిర్చి అక్క.

మా ఊరు తారానగర్ దాటి ఇంకొంచెం లోపలికి, కొండల మధ్య చెరువు పక్కన. ఏడాదంతా మైన్సు లారీలు తప్ప మా దిక్కు చూసేవాళ్ళు ఉండరు. దసరాకు మాత్రం, ఆయుధపూజ, విజయదశమి, పక్కనే ఒక ఆదివారం కలిసొచ్చిందంటే కట్ట మీద కాలు పెట్టే జాగా దొరకదు. వానలకు చెరువు నిండి ఉంటుంది, ఎర్రదుమ్ము కాస్త అణిగి కొండలు పచ్చగా కనిపిస్తాయి. బళ్ళారి నుంచి, హొసపేట నుంచి చుట్టాలు కార్లకు బంతిపూల దండలు వేసుకుని దిగుతారు. మా అమ్మ పుట్టిల్లు కెంచనగుడ్డ నుంచి ఒక ట్రాక్టరు నిండా మామలు, అత్తలు, పిల్లలు వచ్చేవాళ్ళు. ఆ మూడు రోజులు ఎవరింట్లో ఎవరు తింటున్నారో, ఎవరి చాప మీద ఎవరు నడుం వాలుస్తున్నారో లెక్క ఉండేది కాదు.

ఆ మూడు రోజులూ కట్ట మొదట్లో పెద్ద బాణలి పెట్టుకుని కూర్చునేది ఆమె. మిర్చి బజ్జీలు, బొరుగులు నానేసి తాలింపు పెట్టిన ఉగ్గాని. జమ్మి ఆకును మా దిక్కు తెలుగువాళ్ళం కూడా బన్ని అనే అంటాం. కన్నడంలో బన్ని అంటే రండి అని కూడా. ఆమె రెండింటినీ కలిపి వాడుకునేది. కారు ఆగడం ఆలస్యం, "బన్ని బన్ని! ఉత్త ఆకుతో కడుపు నిండదు, కాలే మిర్చి తిని బంగారం కాండి!" అని కేక పెట్టేది. ఆ కేక చెరువు అవతలి గుడ్డకు, అంటే కొండకు, తగిలి మళ్ళీ వచ్చేది.

నూనె కాగిందా లేదా అని ఆమె చూసేది కాదు, వినేది. చిన్న పిండిచుక్క వేసి తల పక్కకు వంచి, "ఇంకా మాట్లాడ్లేదు" అనేది. కాసేపటికి ఇంకో చుక్క వేసి, "ఆఁ, ఇప్పుడు తిడతాండాది, వెయ్యొచ్చు" అనేది. కొత్తగా పెళ్ళైన జంట వస్తే ఇద్దరికీ కలిపి ఒకే మిర్చి ఇచ్చి, "చెరో దిక్కు కొరకండి. ఎవరు ముందు నీళ్ళడిగితే వాళ్ళు ఇంట్లో ఓడినట్ల" అని ఎదురుగా నిలబడి చూసేది. సిటీ నుంచి వచ్చిన పిల్లలు ఉగ్గాని ముందు ముక్కు చిట్లిస్తే వాళ్ళ నోట్లో ఆమే పెట్టేది. మా బళ్ళారి మేనత్త, ఆఫీసరు భార్య, ఎవరి చేతి నీళ్ళూ తాగని మనిషి, ఈమె దగ్గర కింద కూర్చుని వేళ్ళు నాకడం నేను చూశాను. అంత కలుపుగోలు మనిషి. మొగుడు పోయిన ఆడది మూల కూర్చుని ఏడవాలనుకునేవాళ్ళకు ఆమె నవ్వు నచ్చేది కాదు, అది వేరే సంగతి.

విజయదశమి సాయంత్రం బన్ని మార్చుకోవడం మా దగ్గర చిన్న విషయం కాదు. ఆకు చేతిలో పెట్టి "బన్ని తగొండు బంగారదంగె ఇరోణ" అంటారు, బన్ని తీసుకుని బంగారంలా ఉందాం అని. ఏడాదంతా గట్టు తగాదాలు పడినవాళ్ళు కూడా ఆ పొద్దు ఇచ్చుకుంటారు. ఇస్తే కాదనకూడదు. తీసుకున్నావంటే పాతదంతా మాఫ్. ఆమె అందరి దగ్గరా తీసుకునేది. పిల్లల దగ్గర, పోలీసోళ్ళ దగ్గర, బండి ఆపి దిగే లారీ సాయిబు దగ్గర కూడా. ఆ సాయిబుకు ఆ కన్నడ మాట నోరు తిరగక "బంగారం బంగారం అక్కా" అని ఆకు పెట్టేవాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, కొంగున మూటకట్టుకునేది.

ఒక్క మనిషి దగ్గర తప్ప. మా దసరా కమిటీ అధ్యక్షుడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వెనక పదిమంది. ఊరంతా ఆయన్ను కన్నడ మర్యాదతో అధ్యక్షరు అంటుంది. ఆయన కట్ట ఎక్కడం కనిపించగానే ఈమె రెండు చేతులూ మణికట్ల దాకా శనగపిండి బేసిన్లో ముంచేది. ఆయన వచ్చి ఆకు చాచేవాడు.

"చేతులు ఖాళీ లేవప్పా" అనేది.

కోపంగా కాదు, చాలా మర్యాదగా. "కాళ్ళ నొప్పి ఎట్ల ఉండాదప్పా? మనవరాలికి జ్వరం అంటిరి, తగ్గిందా?" అని కూడా అడిగేది. చేతులు మాత్రం బయటికి వచ్చేవి కావు. ఒక ఏడు ఆయన పంతం పట్టి అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఈమె పిండిలో చేతులు పెట్టుకుని అట్లాగే నిలబడింది. బాణలి పొగలు కక్కింది, పక్కన ఉల్లిగడ్డలు తరిగే ముసలామె లేచి దాన్ని దించింది, కొనడానికి వచ్చినవాళ్ళు గునుస్తూ వెళ్ళిపోయారు. గంటసేపు. ఆ గంటా ఆమె వానల గురించి, మైన్సు గురించి, ఆయన కోడలి కొత్త స్కూటీ గురించి మాట్లాడుతూనే ఉంది. చివరికి లేచింది ఆయనే. ఇంకో ఏడు ఆయన తెలివిగా ఆకు ఆమె భుజం మీద వేశాడు. "యమ్మా, ఏదో పురుగు పడింది చూడు, తీసెయ్" అని పక్కామెతో తీయించింది. జనం పగలబడి నవ్వారు. ఊరికి అదొక తమాషా. పందొమ్మిది దసరాలు ఆమె ఒళ్ళంతా కోపంతో నిలబడితే, ఊరు బజ్జీలు తింటూ ఆ తమాషా చూసింది. అందులో నేనూ ఉన్నాను, నాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆమె భర్త పుట్టి నడిపేవాడు. వెదురు అల్లి తారు పూసిన గుండ్రటి పడవ. అప్పట్లో బన్ని చెట్టు చెరువు అవతలి గుడ్డ మీద ఉండేది. దసరా నాటికి దారి నీళ్ళ కింద పోయేది కాబట్టి విజయదశమి నాడు ఊరంతా ఆయన పుట్టిలోనే దాటాలి. ఎనిమిది మంది. తొమ్మిదో మనిషి ఎక్కితే తెడ్డు కింద పెట్టేసి బీడీ ముట్టించేవాడు. ఎవరో ఒకరు దిగేదాకా బీడీ అయ్యేది కాదు.

ఆయుధపూజ నాడు అందరూ బండ్లకు, మోటార్లకు పూజ చేస్తే ఆయన పుట్టికి చేసేవాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, చివర పుట్టి అంచు చుట్టూ ఒక క్వార్టరు బ్రాందీ పోయాలి. వాళ్ళ తాతల నాటి నుంచి వాళ్ళ ఇంటి ఆనవాయితీ అది. మామూలు రోజుల్లో ఆయన తాగేవాడు, కాదనను. ఆ తొమ్మిది రోజులు మాత్రం ముట్టేవాడు కాదు. ఆ ఏడు నేను డిగ్రీ చదువుతున్నాను, ఇంట్లో సైకిలుంది. "ఏమప్పా, నేను ఈ తొమ్మిది దినాలు ఆ అంగడి మెట్లు ఎక్కను. నువ్వు పోయి ఒక క్వార్టరు పట్టుకురా, పుట్టికి" అన్నాడు. తెచ్చాను, చొక్కా లోపల దాచుకుని. నా కళ్ళ ముందే అంతా అంచు చుట్టూ పోశాడు. సీసా తిరగేసి మూడుసార్లు దులిపాడు. చుక్క మిగల్లేదు.

మర్నాడు విజయదశమి మధ్యాహ్నం నేను పుట్టి ఎక్కేటప్పటికి మేం ఎనిమిది మందిమి ఉన్నాం. అప్పుడు అధ్యక్షుడు బళ్ళారి చుట్టాలతో వచ్చాడు. ఆడవాళ్ళు, పట్టుచీరలు, అంతా కలిసి ఆరుగురు. పుట్టి ఆయన తెడ్డు కింద పెట్టాడు. "రెండు ట్రిప్పులు కొడతానప్పా, ఎంతసేపు" అన్నాడు. అధ్యక్షుడు నవ్వుతూ ఆయన భుజం మీద చెయ్యేసి, "హబ్బ పూట లేదనకూడదప్పా. నేనుండా కదా" అన్నాడు. అందరూ సర్దుకున్నారు. నేనూ ముడుచుకుని జాగా ఇచ్చాను. పద్నాలుగు మంది.

నడి చెరువులో ఎవరో ఫోటో కోసం లేచి నిలబడ్డారు. అంతే.

అందరినీ ఆయనే తీశాడు. తిరగబడ్డ పుట్టి అంచుకు ఒక్కొక్కరినీ తగిలించాడు. నన్ను కాలరు పట్టి, అధ్యక్షుణ్ణి జుట్టు పట్టి. గట్టు నుంచి చేపలవాళ్ళు ఈదుకుంటూ వచ్చేసరికి పద్నాలుగు మందీ పుట్టిని పట్టుకుని ఉన్నాం. అప్పుడు ఆయన మా మొహాలకేసి చూస్తూ, "అందరూ ఉండారా? ఎంతమంది మీరు? ఎంతమంది ఎక్కినారు?" అని అరిచాడు. ఎవరి నోటా మాట రాలేదు, అందరం నీళ్ళు కక్కుతున్నాం. ఎనిమిది మంది అయితే ఆయనకు తెలిసేది. ఇంకొకరు కింద ఉన్నారేమో అని మళ్ళీ మునిగాడు. కింద ఎవరూ లేరు. ఆయన మళ్ళీ పైకి రాలేదు.

ఆ సాయంత్రం పంచాయతీ మెట్ల మీద పోలీసులు అడిగారు. తల ఇంకా ఆరని అధ్యక్షుడు చెప్పాడు, "హబ్బ కదా సార్, కొంచెం వేసుకున్నట్ల ఉండాడు." కానిస్టేబులు పోయి గట్టుకు లాగిన పుట్టి అంచుకు ముక్కు పెట్టి వాసన చూశాడు. నీళ్ళలో నానినా తారులో ఇంకిన బ్రాందీ వాసన పోలేదు. తలాడించి రాసుకున్నాడు. అందరూ చూస్తూ నిలబడ్డారు. నన్నూ అడిగారు, "నువ్వు ముందునించి ఆడే ఉంటివి కదప్పా, ఏమి?" పక్కన మా నాయన నిలబడి ఉన్నాడు. బ్రాందీ షాపుకు పోయింది నేను అని తెలిస్తే చర్మం ఒలుస్తాడు. "నాకు తెలీదు సార్" అన్నాను. తన్నులకు భయపడి, నన్ను కాలరు పట్టి బయటికి లాగిన మనిషిని తాగుబోతును చేశాను. ఇరవై ఏళ్ళ వయసు అప్పుడు, పాలు తాగే పిల్లవాణ్ణి కాదు.

ఆమె అక్కడే ఉంది. ఏడవలేదు. "తాగింది పుట్టి, నా మొగుడు కాదు" అంది. ఎవరూ చెవిన వేసుకోలేదు. తరవాత తరవాత ఆ మాట ఊళ్ళో నవ్వులాట అయింది. ఎవడన్నా తాగి మోటారుసైకిలు మీద నుంచి పడితే, "తాగింది బండి, నేను కాదప్పా" అని ఎగతాళి. ఒక మనిషి గుండె తీసి బయట పెడితే దాన్ని జోకు చేసుకున్నారు, ఛీ.

మూడో ఏడో నాలుగో ఏడో పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. పండగ పూట ఆమె ఇట్లా చేస్తుంటే ఊరికి మంచిది కాదని. "ఏం కావల్లమ్మా నీకి? ఇల్లు రాయించల్లనా? పెన్షను ఇప్పించల్లనా?" అని అడిగారు.

"ఇల్లేం చేసుకుందునప్పా, ఉండాది ఒకత్తిని" అంది. "బన్ని ఇచ్చే పొద్దు, కట్ట మీద, నలుగుర్లో ఒక్క మాట చెప్పమనండి. వాడు తాగలేదు, నేనే ఎక్కువ మందిని ఎక్కించినా అని. సాలు. నా చేతులు నేనే కడుక్కోని బన్ని తీసుకుంటా. ఆయప్ప కాళ్ళు గూడ మొక్కుతా."

అధ్యక్షుడు తల వంచుకుని ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు. "అయిపోయిన దానికి ఊరికే ఏంటికమ్మా" అన్నాడు చివరికి. ఇల్లు ఇస్తాడు, పెన్షను ఇస్తాడు, చీర పెడతాడు. ఆ మాట ఇవ్వడు. అప్పటినుంచి ఆయన ప్రతి ఏడూ ఆకు పట్టుకుని వస్తూనే ఉన్నాడు, ఆమె పిండిలో చేతులు పెడుతూనే ఉంది. ఆమెది మొండితనం అన్నారందరూ. ఆయన ఓపికను మెచ్చుకున్నారు.

పదేళ్ళ కింద ఒకసారి ఆమె బస్సెక్కి నా కొట్టుకు వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. మొగుడిది ఒకే ఒక ఫోటో, పుట్టి పక్కన ఎండకు కళ్ళు చిట్లించి నిలబడింది. పెద్దది చేయమంది. నేను నా అలవాటు కొద్దీ మొహం మీద మచ్చలు తీసేసి, రంగు తేల్చి చూపించాను. ఆమె తెర దగ్గరికి వంగి చూసి పకపకా నవ్వింది.

"ఎవరప్పా ఈయన? సినిమాలో చేస్తాడా? నా మొగుడు ఇంత తెల్లగుంటే నేను ఎండలో కూర్చోని బజ్జీలు కాలుస్తుంటినా? నల్లగా చెయ్యప్పా. ఎంత నల్లగుండాడో అంత నల్లగా చెయ్యి. ఆ గాటు యాడ పాయ? గడ్డం కింద తెడ్డు తగిలిన గాటు. అది పెట్టు."

ఒక్కొక్కటే వెనక్కి పెట్టాను. ఆమె పక్కన కూర్చుని ఇంకా ఇంకా అంటూ చేయించుకుంది. ప్రింటు తీసి ఇస్తుంటే నా మొహం చూడకుండానే అంది:

"ఆ క్వార్టరు తెచ్చింది నువ్వే కదప్పా."

"నీకెవరు చెప్పినారక్కా?" అన్నాను.

"ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడు. పిల్లోడు మంచోడు, చొక్కాలో పెట్టుకోని తెచ్చినాడు, వాళ్ళ నాయనకు తెలిస్తే తంతాడు అని నవ్వినాడు." డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది, మిర్చీలు. "నేను మీ నాయనకు చెప్పలేదులేప్పా."

తొమ్మిదేళ్ళు! ఒక్క మాటతో నన్ను నలుగుర్లోకి లాగి ఉండొచ్చు. వీడే తెచ్చినాడు, వీడే చూసినాడు, వీణ్ణి అడగండి అని ఒక్క కేక పెట్టి ఉండొచ్చు, అవతలి గుడ్డ మీది నుంచి తిరిగొచ్చే ఆ గొంతుకు అది ఎంత పని. ఆమె నేను తన్నులు తినకుండా కాపాడింది. "అక్కా, ఆయన తాగలేదు, నాకు తెలుసు" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమప్పా? నాకు తెలీదా?" అంది. "నువ్వే యా పొద్దన్నా చెప్తావేమో అని చూస్తాండా. తినప్పా, సల్లారితే బాగుండవు."

తిన్నాను. ఆ తరవాత ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళకు మా నాయన పోయాడు. ఇంక తన్నేవాడు లేడు. అయినా చెప్పలేదు. కమిటీ ఫ్లెక్సులన్నీ నా కొట్టుకే వచ్చేవి, అధ్యక్షుడి మనవరాలి పెళ్ళి కార్డులు నేనే వేశాను, కట్ట మీద కనిపిస్తే నా భుజం తట్టేవాడు. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

మొన్న శ్రావణంలో ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు పోయింది. నేను వెళ్ళేసరికి మట్టి కూడా అయిపోయింది. కట్ట మీద జనం నాతో అన్న మాటలు ఇవి: "పాపం, ఆ కోపం పెట్టుకోనే పాయ." "ఇంక శాంతి దొరుకుతాదిలే." ఎవరికి శాంతి? పండగ పూట పిండి బేసిన్ వైపు చూడకుండా బజ్జీ తినలేకపోయిన వీళ్ళకు దొరికింది శాంతి.

ఆ సెక్రెటరీకి ఫోను చేసి, ఫ్లెక్సు నేను వెయ్యనని చెప్పాను.

"ఎందుకన్నా?" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు అతనికి.

"ఆమె తీసుకోలేదు కదప్పా."

"పోయినామె కదన్నా, ఇప్పుడు తీసుకుంటే ఏమి?"

ఫోను పెట్టేశాను. పెట్టేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ పూటంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. వాళ్ళు హొసపేటలో గంటలో వేయించుకున్నారు.

విజయదశమి నాడు ఊరికి వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా ఒకే మాట నోట్లో తిప్పుకున్నాను. కట్ట మొదట్లో, ఆమె బాణలి ఉండే జాగాలో ఫ్లెక్సు. మధ్యలో ఆమె, సున్నం కొట్టినంత తెల్లగా. చేతులు పరిశుభ్రంగా ఉన్నాయి. ఆ చేతిలో పెట్టింది బన్ని కూడా కాదు. వాడెవడో కంప్యూటర్లో ఏ ఆకు దొరికితే ఆ ఆకు పెట్టాడు, కరివేపాకు రెమ్మ. దాని ముందు పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఎవరో కొత్త మనిషి పక్కన గోబీ మంచూరియా బండి పెట్టాడు. బళ్ళారి కార్లు, బంతిపూలు, పలకరింపులు, నవ్వులు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇప్పుడు గుడ్డకు ఎవరూ దాటరు. బన్ని కొమ్మ కొట్టి ట్రాక్టరులో తెచ్చి కట్ట మీద నాటుతారు. దాని పక్కన కుర్చీలో అధ్యక్షుడు కూర్చుని ఆకులు ఇస్తున్నాడు, ముందు పెద్ద లైను. నేనూ లైన్లో నిలబడ్డాను. ఆయన ముసలివాడయ్యాడు. నా వంతు వచ్చింది. ఆకు చాచాడు. నేను చెయ్యి చాచకుండా చెప్పాను:

"ఆ పొద్దు ఆయన తాగలేదప్పా. క్వార్టరు నేనే తెచ్చినా. అంతా పుట్టికే పోసినాడు, నేను చూసినా."

అరుస్తాననుకున్నాను, నలుగురికీ వినబడేట్టు చెప్పాలనుకున్నాను. ఎవరికో ఇంటి అడ్రసు చెప్పినట్టు వచ్చింది గొంతు. ఆయన ఉలిక్కిపడలేదు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, ప్రేమగానే నవ్వాడు.

"తెలుసప్పా" అన్నాడు. "ఎవరికి తెలీదు? అందరికీ తెలుసు."

నా చెయ్యి ఆయనే అందుకుని, విప్పి, అందులో ఆకు పెట్టి మూశాడు. "బన్ని తగొండు బంగారదంగె ఇరోణ" అన్నాడు. నోరు అలవాటు కొద్దీ నేనూ అదే మాట తిరిగి అన్నాను. వెనక లైన్లో ఉన్న మనిషి నా వీపు మీద చిన్నగా తట్టి, "జరుగప్పా" అన్నాడు.

జరిగాను.